అవతలి గట్టు మీది మనిషి

చచ్చిపోయినవాడు చేపలు పడుతున్నాడని సిద్దిపేటలో సగం మంది నమ్మారు. మిగతా సగం మంది ఆ ఆటను ఇంకా ఫోన్లోకి దించుకోలేదు, అంతే తేడా.

ప్రమీలాదేవి ఆటనైతే దించుకుంది గానీ దయ్యాన్ని మాత్రం నమ్మలేదు. హెడ్ కానిస్టేబుల్‌గా ఉన్న రోజుల్లో ఆమె దయ్యాల కేసులు కొన్ని చూసింది. ప్రతి దయ్యం వెనకా ఎవరిదో ఒకరి లాభం ఉండేది. ఉద్యోగం వదిలేసి, జిరాక్స్ షాపు పైన గది కిరాయికి తీసుకుని డిటెక్టివ్ బోర్డు కట్టాక అన్నీ పెళ్లి ఎంక్వైరీలే వచ్చాయి. పిల్లగాడు తాగుతాడా, జీతం నిజమేనా అని ఆరా తీసి చెప్పడంతోనే రోజులు వెళ్లిపోయాయి. మగ్గం నేసే కొండవ్వ వచ్చి, "నా కొడుకును దేవులాడి పెట్టు బిడ్డా," అని గడపలో కూలబడేదాకా ఆమెకు అసలు కేసంటూ రాలేదు.

కొండవ్వకు అరుణ్‌కుమార్ ఒక్కడే కొడుకు. తండ్రి భీవండి మిల్లుల్లో పనికి పోయి అక్కడే మంచం పట్టి పోయాడు. కొడుకు మగ్గం జోలికి పోకుండా కంప్యూటర్ నేర్చుకుని, ఒక్కడే కూర్చుని ఒక ఆట తయారుచేశాడు. దాని పేరు 'చెరువుగట్టు'. అందులో పాయింట్లు లేవు, పోటీ లేదు. గట్టు మీద ఒక మనిషి కూర్చుని గాలం వేస్తాడు. బొచ్చె పడొచ్చు, రవ్వ పడొచ్చు, అదృష్టం బాగుంటే కొర్రమట్ట పడొచ్చు. ఎవరితోనూ మాట్లాడే వీలు లేదు. అదేమిటని అడిగితే, చెరువు కాడ మాటలెందుకు, చేపలు బెదుర్తయి అనేవాడట.

రెండు వారాల కింద ఒక ఆదివారం సాయంత్రం అతని బండి, చెప్పులు చిన్నకోడూరు దాటాక ఒక చెరువు కట్ట మీద దొరికాయి. గజ ఈతగాళ్లు దిగి వెతికారు. శవం దొరకలేదు. ఆ వారంలోనే ఆటలో అవతలి గట్టు మీద రెండో మనిషి ప్రత్యక్షమయ్యాడు. పొద్దుగూకే వేళకే వస్తాడు, తలకు తువ్వాల చుట్టుకుని నీళ్ల మీదికి వంగి కూర్చుంటాడు, ముఖం కనపడనివ్వడు. చెరువులో పడి పోయినవాడు చెరువు ఆటలోకే వచ్చాడని ఒకడు అన్నాడు, దాంతో జనం ఎగబడి దించుకున్నారు.

రేపు పోలీసులు ఫైలు మూసేస్తున్నారు. రేపే దినం చేయాలని దాయాదులైన పాలోళ్లు పట్టుబట్టారు. అది కూడా అయిపోతే అరుణ్ కోసం వెతికే మనిషి భూమ్మీద ఉండడు. అందుకే ఈ మధ్యాహ్నం ప్రమీలాదేవి అరుణ్ కిరాయికుండే గది ఓనరు దగ్గర తాళంచెవి తీసుకుని, ఆ గదిలో అరుణ్ భాగస్వామి నవీన్‌ను ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

గదిలో ఉన్నది ఒకటే కుర్చీ. నవీన్ అడక్కుండానే దాంట్లో కూర్చున్నాడు. ఆమె మంచం పట్టీ మీద సర్దుకుంది. అతనిది నంగునూరు వైపు భూములున్న ఇల్లు. ఆటను మార్కెట్లో పెట్టడం, కొనేవాళ్లతో మాట్లాడడం అతని పని. ఆదివారం ఎక్కడున్నావంటే హైదరాబాద్‌లో అన్నాడు. ఎప్పుడొచ్చావంటే సోమవారం పొద్దున ఎస్సై ఫోన్ చేశాక అన్నాడు. అరుణ్‌తో గొడవైందట గదా అంటే, ఆటలో పందేలు పెడదామని తానన్నాడనీ, అరుణ్ వద్దన్నాడనీ, దోస్తుల మధ్య అలాంటివి మామూలేననీ చెప్పాడు. జవాబులన్నీ తడుముకోకుండా వచ్చాయి. అద్దం ముందు నిలబడి వల్లెవేసిన మాటల్లా ఉన్నాయని ఆమెకు అనిపించింది.

"ఆ రెండో మనిషిని ఎవరు పెట్టిన్రు?" అని అడిగింది.

"నేనే ఆంటీ. అరుణ్ గుర్తుకుండాలని పెట్టిన."

"బొమ్మలు చేసుడు నీకొస్తదా?"

"చేసేదేముంది ఆంటీ. ఇవతలి గట్టు మీద అరుణ్ చేసిన మనిషున్నడు గదా, ఆ బొమ్మనే కాపీ కొట్టి అవతల పెట్టిన. అంగి రంగు మార్చిన, తువ్వాల చుట్టిన. అంతే."

"చేతులు గూడ గవేనా?"

"అన్నీ గవే."

ఆంటీ అన్న పిలుపు ఆమెకు మొదటి నుంచీ మింగుడుపడలేదు. అయినా ఆ చివరి మాట దొరికిన సంతోషంలో క్షమించేసింది. ఏదో మాటవరసకన్నట్టు, మీ కోళ్లఫారం ఎట్లా నడుస్తోందని అడిగింది. నిరుడే మూసేశాం, రోగం వచ్చి కోళ్లన్నీ పోయాయి, అటు పోయి ఏడాదైంది అంటూనే నవీన్ చెయ్యి కిందికి పోయి ప్యాంటు మడత దులుపుకుంది. గుమ్మడికాయల దొంగ ఎవడంటే భుజాలు తడుముకున్నట్టుంది వ్యవహారం. ఆ మడతలోంచి గచ్చు మీద రాలింది వడ్ల ఊక. కోళ్ల కింద పరిచే ఊక.

ఆమె దాన్ని చూడనట్టే ఉండిపోయింది. ఇక పొమ్మంది. అతను మెట్లు దిగిన చప్పుడు విని, లేచి గది చూడడం మొదలుపెట్టింది.

చూడడానికి పెద్దగా ఏమీ లేదు. ఒక కంచం, ఒక గ్లాసు, మేకుకు తగిలించిన ఒక తువ్వాల. రెండో మనిషి వస్తే కూర్చోవడానికి చాప కూడా లేదు. ప్రమీలాదేవికి తన గది గుర్తొచ్చింది. అక్కడా ఒకటే కంచం. భర్త పోయిన ఏడాది రెండోదాన్ని కడిగి అటక మీద పెట్టింది, మళ్లీ దించే పని పడలేదు. ఈ కేసు వచ్చినప్పటి నుంచి సాయంత్రాలు ఆ ఆట ముందు కూర్చోవడం అలవాటైంది. కేసు కోసమేనని మనసుకు చెప్పుకుంది. కానీ కేసుకు అంతసేపు అక్కర్లేదని ఆమెకు తెలుసు. ఎదుటి గట్టు మీద ఇంకొక మనిషి ఉన్నాడంటే అదో రకం తోడు, అది బొమ్మయినా సరే.

టేబుల్ మీద హ్యాంగర్ తీగ వంచి చేసిన ఫోన్ స్టాండు ఉంది. దాని ముందు ఒక అగ్గిపెట్టె, రెండు తెగిన దారం ముక్కలు. అగ్గిపెట్టెలో పుల్లలు లేవు, మెత్తటి బూడిద ఉంది. పోలీసులు లాప్‌టాప్ పట్టుకుపోయి దీన్ని వదిలేశారు. అగ్గిపెట్టెలో బూడిద ఉంటే ఎవరు మాత్రం అనుమానిస్తారు.

ఆమె అనుమానించలేదు, గుర్తుపట్టింది. ప్రమీలాదేవి పుట్టింట్లోనూ మగ్గం ఉండేది. నేసిన బట్టను కోసేటప్పుడు మగ్గం మీద పాత పోగుల కొసలు మిగిల్చి, కొత్త పోగుల్ని వాటికి ఒక్కొక్కటిగా అతుకుతారు. ముడి వేయరు. రెండు కొసల్ని వేళ్ల మధ్య పట్టి, జారకుండా బూడిద అద్ది, మెలితిప్పుతారు. అరుణ్ తన చేతుల్నే ఫోన్‌తో వీడియో తీసుకుని, అది చూసి ఆటలో బొమ్మ చేతులు తయారుచేశాడన్న మాట. అందుకే ఆటలో గట్టిగా లాగి గాలం దారం తెగితే, ఆ మనిషి జేబులోంచి చిటికెడు బూడిద తీసి అతుకుతాడు. నిజంగా చేపలు పట్టేవాళ్లు దాన్ని చూసి నవ్విపోయారు. గాలానికి ముడి వేస్తారు గానీ బూడిద పూస్తారా, వీడు చెరువు ముఖం చూశాడా అని కింద కామెంట్లు పెట్టారు. సాలెవాళ్ల ఇంట్లో పుట్టినవాడికి దారం తెగిందంటే ముడి గుర్తుకు రాదు, ఆ పొరపాటు వాడే చేయగలడు.

ఈ పొద్దున కొండవ్వ ఆ సంగతే చెప్పింది. ఆ ఆదివారం మధ్యాహ్నం అరుణ్ తినడానికి వచ్చి, తల్లి ఫోన్లో ఆ ఆటను తన చేత్తో ఎక్కించి చూపించాడు. దారం అతికే దగ్గర ఆమె తప్పు పట్టేసింది. బొమ్మ మెలికను బయటికి తిప్పుతోంది. లోపలికి తిప్పి, కొసను వెనక్కి మడిచి దువ్వాలి, అప్పుడే అతుకు నిలుస్తుంది. ఇన్నేండ్లు నా పక్కన కూసొని ఏం నేర్చినవురా అని తిట్టింది. గదికి పోయి సరిచేస్త అవ్వా అని నవ్వుకుంటూ పోయాడు. అదే ఆఖరు చూపు. గదికి మాత్రం రాలేదు. తాళం తీసిన అలికిడి లేదని ఓనరు చెప్పాడు. లాప్‌టాప్ ఆ తాళం వెనకే ఉంది, అట్నుంచి అటే పోలీసుల చేతికి పోయింది.

ఫోన్ ఇవ్వడానికి కొండవ్వ ఒక పట్టాన ఒప్పుకోలేదు. కొంగులో మూట కట్టినట్టు పట్టుకుని కూర్చుంది. చివరికి ఇస్తూ, "పొద్దుగూకే వరకు తెచ్చియ్యి బిడ్డా. వాడు నాకోసం చూస్తడు. నా దారం తెగితే వాడు ఆగి నాదిక్కే చూస్తడు," అంది. కన్నపేగు అలాగే అనుకుంటుందని ప్రమీలాదేవి జాలిపడింది తప్ప ఆ మాటను లెక్కలోకి తీసుకోలేదు.

ఇప్పుడు కిటికీలో వెలుగు తగ్గింది. ఆమె రెండు ఫోన్లూ టేబుల్ మీద పక్కపక్కన పెట్టింది, ఒకటి తనది, ఒకటి కొండవ్వది. రెండింట్లోనూ అవతలి గట్టు మీద మనిషి వచ్చి కూర్చున్నాడు.

అప్పుడే గుమ్మంలో బూట్ల చప్పుడైంది. ఎస్సై నర్సింహ. ఒకప్పుడు కొత్తగా డ్యూటీలో చేరి, పంచనామా రాయడం ఆమె దగ్గరే నేర్చుకున్నవాడు. ఇప్పుడు ఆ సంగతి ఇద్దరూ ఎత్తరు.

"ప్రమీలమ్మా, నౌకరీ ఇడిసినా యూనిఫాం ఇడువబుద్ధి అయితలేదా?" అన్నాడు.

"యూనిఫాం వాపసిచ్చిన సార్. తెలివి వాపసియ్యమని ఎవరూ అడగలే."

నర్సింహ నవ్వలేదు. టోపీ తీసి చంకలో పెట్టుకుని, ఇక ఈ కేసు వదిలేయమని మెల్లగానే చెప్పాడు. నీళ్లలో పడ్డవాళ్లు అందరూ తేలరు, తూటితీగకూ తుంగగడ్డికీ చిక్కుకున్నవాళ్లు ఏళ్లయినా బయటపడరు అన్నాడు. ఆ తర్వాత అతని గొంతు మారింది. "ఆ ముసలామె దినాం స్టేషన్‌కొచ్చి బెంచీ మీద కూసుంటది. చాయ్ తాగదు, మాట్లాడదు. నువ్వు ఆశ పెట్టి పోతవు. రేపు ఆమె ముఖం చూసేది నేను."

ఆ మాట ప్రమీలాదేవికి తగిలింది. కానీ వెనక్కి తగ్గడం ఆమె రక్తంలో లేదు. పైగా తను నేర్పినవాడే తనకు నేర్పుతున్నాడన్న ఉక్రోషం ఒకటి. దగ్గరికి రమ్మని అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, తన ఫోన్లో గాలం గట్టిగా లాగింది. దారం తెగింది. ఇవతలి గట్టు మనిషి బూడిద తీసి అతికాడు.

"మెలిక ఎటు తిప్పిండు?"

"బయటికి."

అవతలి మనిషి మీద రెండు వేళ్లు పెట్టి బొమ్మను పెద్దది చేసింది. అతని దారం తెగేదాకా ఆగాల్సి వచ్చింది. నర్సింహ రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. చివరికి తెగింది. ఆ మనిషి కొసలు పట్టుకుని లోపలికి మెలితిప్పి, వెనక్కి మడిచి, వేలితో దువ్వాడు.

ఆటలో బొమ్మ చెయ్యి ఎటు తిరిగితే ఏమిటని నర్సింహ విసుక్కున్నాడు. అప్పుడామె ఆదివారం నాటి తిట్టు సంగతి చెప్పింది. ఆ తప్పు ఇద్దరికే తెలుసు, తల్లికీ కొడుక్కీ. నవీన్ పాత బొమ్మనే కాపీ కొట్టానన్నాడు, చేతులు కూడా అవేనన్నాడు. అలాగైతే తప్పు కూడా కాపీ కావాలి. ఇది సరిచేసిన చెయ్యి. తిట్టు తిన్నవాడే సరిచేయాలి, అదీ ఆదివారం సాయంత్రం తర్వాత. చెరువులో పడి ఉన్నవాడు ఎలా సరిచేస్తాడు?

నర్సింహ మొండివాడే గానీ మూర్ఖుడు కాదు. "ఇంటర్నెట్ ఉంటే సీదా మాకే మెసేజ్ పెట్టొచ్చు గదా?" అన్నాడు.

"పందేల ఆట చేయించుకునేటందుకు వాడి ముందట వేరే కంప్యూటర్ పెట్టి, పక్కన ఎవడో కావలి కూసొని ఉంటడు సార్. అక్షరం రాస్తే పట్టుకుంటడు. చేపలు పట్టే బొమ్మను చూసి ఎవడు అనుమానపడతడు? పైగా దయ్యమని పేరొచ్చి ఆట మస్తు నడుస్తుంది. వాళ్లే పెట్టనిచ్చి ఉంటరు."

చెబుతుండగానే కొండవ్వ మాట ఆమెకు గుర్తొచ్చింది. తన ఫోన్లో మళ్లీ దారం తెంపింది. అవతలి మనిషి తన పాటికి తాను గాలం వేసుకుంటూనే ఉన్నాడు. తర్వాత కొండవ్వ ఫోన్లో తెంపింది.

అవతలి మనిషి ఆగిపోయాడు. గాలం పక్కన పెట్టి తల ఎత్తి ఇటు చూశాడు.

ఇంకోసారి తెంపింది. మళ్లీ ఆగాడు. తలమీది తువ్వాల సర్దుకుని, చెయ్యి కొంచెం పైకెత్తి దించాడు. అందరి ఫోన్లలో ఉన్నది బొమ్మ. తల్లి ఫోన్లో ఉన్నది మనిషి, అరుణే కూర్చుని ఆడిస్తున్నాడు. తన చేత్తో ఎక్కించిన ఆటకు ఏ దారి పెట్టుకున్నాడో గానీ, కావలివాడి కళ్ల ముందే కూర్చుని ప్రతి సాయంత్రం తల్లిని పలకరిస్తున్నాడు. తల్లి దాన్ని మొదటి రోజే గుర్తుపట్టింది. చెబితే పిచ్చిదంటారని అరిచి చెప్పలేదు, రోజూ పోయి పోలీస్ స్టేషన్ బెంచీ మీద కూర్చుంది. పొద్దున తను జాలిపడినందుకు ప్రమీలాదేవికి సిగ్గేసింది.

"ఎక్కడున్నడంటవ్?" నర్సింహ లేచి నిలబడ్డాడు.

"నంగునూరు దారిల నవీనోళ్ల కోళ్లఫారం. ఏడాది సంది అటు పోలేదన్నడు. ప్యాంటు మడతల ఊక ఉంది. కోళ్ల కింద పరిచే ఊక, ఈ మధ్యనే అంటుకున్నది," అంటూ ఆమె గచ్చు మీద చూపించింది. గెలిచాననే ఊపులో గొంతు కాస్త పెద్దదే అయింది.

అంతలో కింద వీధిలో కారు స్టార్టయింది.

ప్రమీలాదేవి కిటికీలోంచి తొంగి చూసింది, నవీన్ కారు. ఇందాక నవీన్ మెట్లు దిగిన చప్పుడు ఆమె విన్నది. కారు కదిలిన చప్పుడు మాత్రం వినలేదు. ఎస్సై బండి వచ్చి ఆగడం చూసి, నవీన్ మళ్లీ ఎక్కి వచ్చి మెట్ల మలుపులో నిలబడి ఉంటాడు. ఊక దగ్గర్నుంచి తల్లి ఫోన్ దాకా ఒక్కటి వదలకుండా అన్నీ వినే ఉంటాడు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని స్టేషన్‌లో కొత్తగా చేరినవాళ్లకు తనే పదిమందికి చెప్పింది.

ఇద్దరూ కిందికి పరుగెత్తేసరికి కారు మలుపు తిరిగిపోయింది. నర్సింహ జీపెక్కి ఇంజన్ వేస్తూనే నంగునూరు వైపున్న తన మనుషులకు ఫోన్ చేశాడు. దగ్గర్లో ఎవరూ లేరు. బందోబస్తుకు పోయారట. నవీన్ అంత దూరం పోనక్కర్లేదు, దారిలో కావలివాడికి ఒక్క ఫోన్ కొడితే చాలు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ప్రమీలాదేవి ఒళ్లో కొండవ్వ ఫోన్ పెట్టుకుని కూర్చుంది. అవతలి గట్టు మీద అరుణ్ ఏమీ తెలియకుండా గాలం వేస్తున్నాడు. అతనికి చెప్పాలి. తలుపు వైపు చూసుకో, లే, ఏదైనా చేతికి తీసుకో అని చెప్పాలి. ఎట్లా చెబుతుంది? ఆ ఆటలో మాట లేదు. ఒక్క అక్షరం పంపే వీలు లేదు. చేపలు బెదుర్తాయని వాడే పెట్టలేదు. ఆమె చేతిలో ఉన్నది ఒకటే, దారం తెంపడం.

తెంపింది. అతను ఆగి చూశాడు. అతికేలోగా మళ్లీ తెంపింది. మళ్లీ, మళ్లీ, ఆపకుండా తెంపుతూనే ఉంది. తల్లి ఎప్పుడూ ఇలా తెంపదు, అతుకు విలువ తెలిసిన మనిషి. వాడికి ఆ తేడా తెలియాలని ఆమె మొక్కని దేవుడు లేడు.

అతను లేచి నిలబడ్డాడు. ఇన్నాళ్లలో ఆ మనిషి నిలబడడం ఎవరూ చూడలేదు. ఒక్క క్షణం ఇటు చూశాడు. తర్వాత ఎవరో పిలిచినట్టు ముఖం వెనక్కి తిప్పాడు. గాలం కర్ర చేతిలోంచి జారి నీళ్లలో పడింది. గట్టు ఖాళీ అయింది.

"ఏమైంది?" అని నర్సింహ రోడ్డు మీద నుంచి కళ్లు తీయకుండా అడిగాడు. "జల్ది పోనియ్యి సార్," అంది ఆమె. జీపు ఇంకాస్త వేగం అందుకుంది.

ఆమె సొంత ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఎత్తితే కొండవ్వ గొంతు వచ్చింది.

"ప్రమీలా, నేను బిడ్డా. పక్కింటోళ్ల ఫోన్‌ల కెల్లి మాట్లాడుతున్న. పొద్దుగూకింది గదా. నా ఫోన్ తెస్తున్నవా? వాడు నాకోసం చూస్తుంటడు."

ప్రమీలాదేవి ఒళ్లోకి చూసింది. ఖాళీ గట్టు ముందు నీళ్ల మీద తెగిన దారం తేలుతోంది, అతికేవాళ్లు లేరు.

"తెస్తున్న అవ్వా," అంది. ఏం తీసుకుని ఆ గడపలోకి పోవాల్సి వస్తుందో ఆమెకే తెలియదు.